ఎడమ చక్రం మీది నల్లపొడి

మద్దిలపాలెంలో మేము ఉంటున్న అపార్టుమెంటు కింద ఆదివారం ఉదయాల్లో జరిగే ఒక తంతును నేను రెండువేల దశకమంతా పై అంతస్తు నుంచి చూశాను. కొత్తగా పికప్ బండ్లూ కార్లూ కొన్నవారు బనియన్లతో కిందికి దిగేవారు. ముందు చక్రాల మీద పేరుకున్న నల్లటి పొడిని చూసి, తమ ఇంటి గోడ మీద ఎవరో ఉమ్మినంతగా నొచ్చుకునేవారు. పళ్లు తోముకునే పాత బ్రష్షులతో చక్రపు సందులన్నీ తోమి, పక్కవారి చక్రాల వైపు ఒకసారి చూసి, తృప్తిగా మెట్లెక్కేవారు. మరుసటి ఆదివారానికి పొడి మళ్లీ వచ్చేది, బ్రష్షు మళ్లీ వచ్చేది. ఆ పొడి ఎక్కడి నుంచి వస్తున్నది, ఎందుకు అంత వస్తున్నది అని అడిగిన మనిషి వారిలో ఒక్కరూ నాకు కనిపించలేదు.

నాకు వారిని చూసి ఆశ్చర్యం కలగలేదు. అటువంటి మనిషి కింద నేను అంతకు ముందే, తొంభైల చివరలో, కంచరపాలెంలో పనిచేశాను.

మా వంశంలో డిగ్రీ పూర్తి చేసిన మొదటి మనిషిని నేను. భౌతికశాస్త్రం చదివాను. ఆ చదువుకు తగిన ఉద్యోగం కోసం దరఖాస్తులు పెట్టుకుంటూ, ఈలోగా మా నాన్న బండి నడుపుతున్న రవాణా కాంట్రాక్టరు యార్డులోనే ఆఫీసు పనికి చేరాను. ఫోన్లు ఎత్తడం, డీజిల్ చీట్లు రాయడం, ఏ బండి ఎక్కడుందో అడిగినవారికి చెప్పడం నా పని. ఓడరేవులో దిగిన యంత్రభాగాలను పికప్ బండ్ల మీద ఉక్కునగరం వైపు వర్క్‌షాపులకు చేరవేయడం ఆ యార్డు వ్యాపారం.

నాన్న జాలరిపేటలో పుట్టినవాడు. అన్నదమ్ములందరూ వేటకు వెళుతుంటే ఆయన ఒక్కడే తెడ్డు వదిలి స్టీరింగు పట్టాడు. పెదనాన్నలు ఆయనను నీళ్ల మీద బతకలేక నేలెక్కినోడని ఆటపట్టించేవారు. ఆయన నవ్వి ఊరుకునేవాడు గానీ, ఖాకీ బట్టలు వేసుకుని, ఇంటి ముందు నుంచి పికప్ బండిని మలుపు తిప్పుకుని వెళ్లేటప్పుడు ఆయన మెడ నిలిచే తీరు చూస్తే, ఆ నవ్వుకు జవాబు ఎక్కడ దాచుకున్నాడో తెలిసేది.

యార్డు యజమాని పెద్దాయన. వారానికి ఒకసారి వచ్చి వెళ్లేవారు. మిగతా రోజులు పెత్తనమంతా ఆయన బావమరిదిది. ఆ మేనేజరుగారి అర్హత ఏమిటని ఎవరైనా అడిగితే, ఆయన అక్కగారి పెళ్లి అని చెప్పవలసి వచ్చేది. తెల్లచొక్కా, తెల్లప్యాంటు, చేతిలో తెల్ల రుమాలు. దుమ్ముకు పేరుమోసిన ఊళ్లో, బొగ్గూ ఖనిజమూ దిగే రేవుకు బండ్లు పంపే యార్డులో, తెల్లబట్టలు తప్ప కట్టని మనిషి అంటేనే ఆయన ఏ పనీ ముట్టుకోడని అర్థం.

ఒకసారి ఏదో కర్మాగారం గేటు దగ్గర ఒక అధికారి మా బండి ఒకదాన్ని చూసి, అద్దంలా ఉంచారే అన్నాడట. ఆ మాట మా మేనేజరు బుర్రలో దిగబడింది. ఆ బుర్రలో అప్పటికి వేరే మాటలేవీ లేకపోవడం వల్ల అది అక్కడ హాయిగా పెరిగింది. మర్నాటి నుంచి రుమాలు పరీక్ష మొదలైంది. పొద్దున్నే బండ్లన్నీ వరుసగా నిలబెట్టాలి. డ్రైవర్లు పక్కన నిలబడాలి. ఆయన రుమాలు వేలికి చుట్టి, ప్రతి బండి ముందు చక్రం మీదా ఒక్కసారి రాసి, పైకెత్తి అందరికీ చూపించేవాడు.

"చూశావా? ఇది బ్రేకు అరిగి రాలిన పొడి. బ్రేకు ఊరికే తొక్కేవాడి బండికే ఇంత పొడి వస్తుంది. కాలు బరువయ్యా నీకు!"

నాకు ఆ మనిషి మీద కోపం కన్నా ఏవగింపు ఎక్కువగా ఉండటానికి కారణం, ఆ మాటల్లో మొదటిది నిజం కావడమే. ముందు చక్రంలో డిస్కు అనే ఇనుప పళ్లెం తిరుగుతుంటుంది. బ్రేకు తొక్కితే రెండు ప్యాడ్లు దానిని రెండు వైపుల నుంచీ పట్టుకుంటాయి. ఆ పట్టులో ప్యాడ్లు అరిగి నల్లపొడి రాలుతుంది. ఇంతవరకూ ఎవరో ఆయనకు సరిగానే చెప్పారు. అక్కడి నుంచి నల్ల చక్రం ఉన్నవాడు చెడ్డ డ్రైవరని తీర్పు చెప్పడానికి ఆయనకు ఎవరి సాయమూ అవసరం కాలేదు.

పరీక్ష ఫలితం తొందరలోనే కనిపించింది. డ్రైవర్లు తెల్లవారకముందే వచ్చి డీజిల్లో ముంచిన గుడ్డలతో చక్రాలు తుడవడం నేర్చుకున్నారు. అంతకన్నా దారుణం, బ్రేకు తొక్కడానికి మొహమాటపడటం నేర్చుకున్నారు. ఇనుప సామాను నింపుకున్న బండిని, అడ్డొచ్చిన ఆవు ముందు కూడా, గేరు తగ్గించి గునుస్తూ ఆపేవారు. వాహనం ఆగడం కన్నా చక్రం మెరవడం ముఖ్యమైన యార్డు అది.

అందరి చక్రాలూ ఏదో ఒక మాదిరిగా తెల్లబడ్డాయి. నాన్న బండి ఎడమ ముందుచక్రం మాత్రం ఎన్నిసార్లు తుడిచినా మధ్యాహ్నానికి కాటుక డబ్బీలా తయారయ్యేది. మేనేజరు ప్రతి ఉదయం ఆ చక్రం దగ్గర ఎక్కువసేపు నిలబడేవాడు. చివరికి ఒకరోజు అందరి ముందూ అన్నాడు.

"పెద్దవాడివయ్యావు. కాలు అదుపులో లేదు. ఇలాగే ఉంటే స్టీరింగు వేరేవాడికి ఇచ్చి నిన్ను గేటు దగ్గర కుర్చీలో కూర్చోబెడతాను."

నాన్న డీజిల్ గుడ్డ తీసుకుని ఆ చక్రాన్ని మళ్లీ తుడిచాడు. ఆ సాయంత్రం ఇంట్లో నూతి దగ్గర గోళ్లు రుద్దుకుంటూ చాలాసేపు ఉండిపోయాడు.

"ఆ సేతులేటి? సేపలు కోసినా ఇంత కంపు రాదు," అంది అమ్మ, చెంబుతో నీళ్లు పోస్తూ.

"డీజిలే. పోద్దిలే."

"పోద్దిలే అని రోజూ అంటన్నావు. కంచంలోకి కూడా వొస్తంది వాసన."

నేను దగ్గరకు వెళ్లి అడిగాను. "నాన్నా, కుడి చక్రం ఎలా ఉంటోంది?"

"దానికేటి, మారాజులాగుంది. ఎడందే దరిద్రపుది."

"నీ కాలు ఒకటే కదా. పెడలూ ఒకటే. తొక్కితే రెండు చక్రాలకూ ఒకేలా తగలాలి. ఒక్క ఎడమదే నల్లబడితే అది నీ కాలి తప్పెలా అవుతుంది?"

ఆయన గోళ్లు రుద్దడం ఆపాడు. "బండి కూడా ఎడం పక్కకే లాగతందమ్మా. నాను సెప్పాను. సెప్తే, వయసైపోయింది, నీ సేతులే లాగతన్నాయన్నాడు."

"మెకానిక్కుకు చూపించమనలేదా?"

"రుమాలుంటే మెకానిక్కెందుకులే ఆడికి!" అన్నాడు. నవ్వడానికి ప్రయత్నించాడు గానీ కుదరలేదు.

మర్నాడు నేను మేనేజరు బల్ల ముందు నిలబడి, నాన్నకు చెప్పిన మాటనే మర్యాదగా, వాక్యం తరువాత వాక్యంగా చెప్పాను. ఒకే పెడలు, రెండు చక్రాలు, ఒకదానికే పొడి. కనుక లోపం ఆ చక్రంలో ఉండాలి. విప్పి చూపించండి అన్నాను.

"నువ్వు లెక్కలు చదివావా అమ్మా?"

"భౌతికశాస్త్రం సర్."

"ఏదైతేనేం. పోర్టు దుమ్ము సంగతి మీ పుస్తకాల్లో ఉండదు. పోర్టుకు వెళ్లేటప్పుడు బొగ్గు కుప్పలు ఎడమ చేతి వైపు ఉంటాయి. ఆ దుమ్మంతా ఎడమ చక్రానికే పడుతుంది."

నిన్నటిదాకా కాలి బరువు వల్ల వచ్చిన పొడి ఈరోజు బొగ్గు కుప్పల నుంచి వస్తోంది. నాన్న తప్పు మాత్రం రెండు రోజులూ చెక్కుచెదరలేదు.

"మరి తిరిగి వచ్చేటప్పుడు సర్?"

"వచ్చేటప్పుడేంటి?"

"వచ్చేటప్పుడు ఆ కుప్పలు కుడి చేతి వైపు ఉంటాయి కదండీ."

ఆయన రుమాలుతో నుదురు తుడుచుకున్నాడు. "వచ్చేటప్పుడు గాలి ఉండదు," అన్నాడు.

విశాఖపట్నంలో, సముద్రానికి అంత దగ్గరలో, ఒక మనిషి తన పరువు కాపాడుకోవడానికి గాలిని నిలిపివేశాడు. నేను నమస్కారం పెట్టి బయటకు వచ్చాను.

వాదన వల్ల లాభం లేదు గనుక కంటికి చూపించాలనుకున్నాను. ఆ మధ్యాహ్నం నాన్న బండి యార్డులోకి రాగానే నీళ్ల మగ్గు పట్టుకుని వెళ్లాను. డ్రైవర్లు చుట్టూ మూగారు. కుడి చక్రం మీద నీళ్లు పోశాను. మామూలుగా జారి నేలలో ఇంకిపోయాయి. ఎడమ చక్రం మీద పోశాను. చుయ్యిమని ఆవిరి లేచింది, కాలిన వాసన వచ్చింది. వెనక నుంచి ఎవరో, "ఓలమ్మో, అట్టు పోసుకోవచ్చు!" అన్నారు.

మేనేజరు కూడా చూశాడు. నేను ఎదురుచూసిన మాట ఆయన నోటి నుంచి రాలేదు.

"చూశారా? ఎంత తొక్కితే ఇంత కాలుతుంది!" అన్నాడు అందరితో. తరువాత నాన్న వైపు తిరిగాడు. "రేపటి నుంచి ఈ బండి వేరేవాడు నడుపుతాడు. నువ్వు గేటు దగ్గర కూర్చో. అతని చేతిలో చక్రం తెల్లగా ఉంటే, ఇక నీకు ఆ కుర్చీయే ఖాయం."

ఆ వేరేవాడు కంచరపాలెం మనిషే. రుమాలు పరీక్షలో ఎప్పుడూ నెగ్గేవాడు గనుక అతనికి మెత్తకాలు అని పేరు వచ్చింది. నాన్నను బావా అని పిలిచేవాడు. మంచివాడే, కాకపోతే మేనేజరు మెచ్చుకోలు రుచి మరిగినవాడు.

నాన్న గేటు కుర్చీలో కూర్చున్న ఉదయం నాకు ఇప్పటికీ బాగా గుర్తుంది. కుర్చీలో కూడా డ్రైవరులాగే కూర్చున్నాడు, రెండు చేతులూ మోకాళ్ల మీద ముందుకు పెట్టుకుని. బండ్లు వచ్చినప్పుడల్లా లేచి గేటు తీసి, పక్కకు తప్పుకున్నాడు. తన బండి బయటకు వెళుతున్నప్పుడు ఎడమ చక్రం వైపు చూడకుండా ఆకాశం వైపు చూశాడు. ఎవరు మోశారో గానీ కబురు జాలరిపేటకు అందింది. మధ్యాహ్నం పెద్దపెదనాన్న సైకిలు మీద పనిగట్టుకుని వచ్చాడు.

"ఏటి తమ్ముడూ! పడవొగ్గేసినావు, బండొగ్గేసినావు. ఈ కుర్చీ కూడా ఒగ్గేస్తే ఇంక నేలే గదా!"

"కూకో అన్నా, టీ తాగుదువు," అన్నాడు నాన్న. ఎప్పటిలాగే నవ్వాడు. నేను కిటికీ దగ్గర నుంచి లోపలికి వచ్చేశాను.

సాయంత్రం మెత్తకాలు తిరిగి వచ్చాడు. ఎడమ చక్రం యథాప్రకారం నల్లగా ఉంది. అతను దిగి, దాని ముందు కూర్చుని, నాన్నను పిలిచాడు.

"బావా, నీ బండికి నా కాలు కూడా నచ్చనేదు."

"మరి సెప్పు ఆడికి."

"సెప్తే నా పేరు పోద్ది గదా! రేపు పక్కన కూకుని వొస్తాడట. ఇంక సూడు, అద్దంలా తోమేస్తాను." అంటూ డీజిల్ డబ్బా, బ్రష్షు తెచ్చుకున్నాడు. తుడవడం కాదు, చక్రపు సందుల్లోంచి లోపలికి చిమ్ముతూ స్నానమే చేయించాడు.

"డిస్కు మీద పడనివ్వకండి. డీజిల్ తగిలితే బ్రేకు పట్టదు, జారిపోతుంది," అన్నాను నేను.

"అమ్మీ, రుమాలు సూసేది సక్రాన్నే. లోపల డిస్కునెవుడు సూస్తాడు?"

ఆ యార్డు మీద అంతకన్నా సరైన వ్యాఖ్య నేను ఇన్నేళ్లలో చేయలేకపోయాను. లోపలికి వెళ్లి మేనేజరుతో కూడా చెప్పాను. ఆయన పేపరు దించకుండానే, "శుభ్రం చేసుకుంటుంటే నీకేంటమ్మా బాధ," అన్నాడు.

మర్నాడు పొద్దున రుమాలు తెల్లగా పైకి లేచింది. మేనేజరు దాన్ని జెండాలా పట్టుకుని చిన్న ఉపన్యాసం ఇచ్చాడు. బండి అదే, కాలు మారింది, చక్రం మారింది అన్నాడు. గేటు దగ్గర నాన్న నిలబడి విన్నాడు. తరువాత మేనేజరు మెత్తకాలు పక్కన ఎక్కి కూర్చున్నాడు. నాన్న గేటు తీశాడు. బండి వెళ్లింది.

వెళ్లిన కాసేపటికే ఇద్దరూ నడిచి వచ్చారు. మేనేజరు తలనిండా ఇసక. తెల్లచొక్కా జేబులో కూడా ఇసకే. ఆయన తిన్నగా ఆఫీసులోకి పోయి తలుపు వేసుకున్నాడు. మెత్తకాలు గేటు దగ్గరే కూలబడ్డాడు. అందరూ చుట్టూ చేరారు.

"ఏటయింది బావా?" అన్నాడు నాన్న, ఈసారి తనే బావా అని.

"ఏటయిందా! రైలుగేటు పల్లంలో దిగతన్నాం. గేటు పడిపోతంది. నాను బ్రేకు మీద కాలెట్టాను. ఈయన పక్కనుంచి, మెల్లగా మెల్లగా, పొడొస్తుంది అన్నాడు. మెల్లగా తొక్కాను. బండాగనేదు. గట్టిగా తొక్కాను. ఎడం సక్రం జారిపోనాది, కుడిది పట్టేసింది. బండి కుడి పక్కకి గెంతింది బావా! ఎవులో ఇల్లు కట్టుకుంటన్నారు, ఇసక కుప్ప పోసుకున్నారు, బతికిపోనాం. అందులోకెల్లి కూకుంది."

"ఎవులికీ తగల్నేదు గదా?"

"నేదు, నేదు. ఈయన దిగీ దిగకుండానే, బ్రేకెందుకు తొక్కలేదురా అని నామీదకొచ్చాడు. తొక్కొద్దన్నది తమరే గదండీ అన్నాను!"

యార్డంతా నవ్వింది. మూసిన తలుపు వెనక కూడా ఆ నవ్వు వినబడే ఉంటుంది. నాన్న మాత్రం నవ్వలేదు. "బండికేటయింది?" అని అడిగాడు.

ఆ సాయంత్రం యజమాని వచ్చారు. బండిని లాక్కొచ్చి, మెకానిక్కును పిలిపించి, అందరి ముందూ ఎడమ చక్రం విప్పించారు. నేను అడిగిన పని అంతే. దానికి ఒక ఇసక కుప్ప సిఫారసు కావలసి వచ్చింది. మెకానిక్కు లోపలి పొడిని నోటితో ఊదబోతుంటే ఆపి, అది ఊపిరితిత్తుల్లోకి పోతుందని చెప్పి, తడిగుడ్డ ఇచ్చాను. తుడిచాక చూస్తే, ఒక ప్యాడు పూర్తిగా అరిగి వెనకనున్న ఇనుప రేకు బయటపడింది. ప్యాడ్లు ముందుకూ వెనక్కూ జరగడానికి ఉండే పిన్ను ఉప్పుగాలికి తుప్పుపట్టి బిగుసుకుపోయింది.

"కాలు తీసేసినా ఈ ప్యాడు వొదల్నేదండి," అన్నాడు మెకానిక్కు. "రోజంతా డిస్కుని రాసుకుంటానే ఉంది. పొడి రాదేటి మరి? ఎవులు తోలినా వొస్తాది."

యజమాని బావమరిది వైపు చూశారు. అప్పటికి ఆయన స్నానం చేసి, కొత్త తెల్లచొక్కా వేసుకుని వచ్చాడు.

"నేను మొదటి నుంచీ అంటూనే ఉన్నాను బావగారూ, ఆ బండిలో ఏదో ఉందని," అన్నాడు మేనేజరు.

ఇన్నాళ్ల తరువాత కూడా ఆ వాక్యం దగ్గర నా కలం ఆగుతుంది. అబద్ధం చెప్పేవాడికి కొంత భయమైనా ఉండాలి. ఆయనలో అది కూడా లేదు. తను అన్నదేమిటో ఆయనకు గుర్తే లేదు. చక్రం మీది పొడిలాగే, తుడిచేశాడు.

యజమాని నాన్నను పిలిచి బండి తాళాలు చేతిలో పెట్టారు. "బాగుచేయించి, నువ్వే తీసుకెళ్లు," అన్నారు. నాన్న తాళాలు పుచ్చుకుని, గేటు దగ్గరకు వెళ్లి, ఆ కుర్చీని మడిచి గోడకు ఆనించి వచ్చాడు.

కథ ఇక్కడ ముగిస్తే మేనేజరుకు బుద్ధి వచ్చిందని ఎవరైనా అనుకోవచ్చు. ఆ గౌరవం ఆయనకు దక్కడం నాకు ఇష్టం లేదు. రుమాలు పరీక్ష ఆగింది నిజమే. దానికి బదులు కొద్ది రోజుల్లో ఒక అట్టపెట్టె వచ్చింది. దానినిండా తళతళలాడే ప్లాస్టిక్ చక్రపు మూతలు. బిగిస్తే లోపల ఎంత పొడి ఉన్నా బయటకు కనిపించదు. లోపలి చక్రం కాలిపోతున్నా, అధికారులకు బయట అద్దమే కనిపిస్తుంది. ఆయన జీవితంలో చేసిన ఆలోచనలన్నింటిలోకీ అదే పరిపూర్ణమైనది.

అన్ని బండ్లకూ మూతలు బిగించారు. నాన్న ఒప్పుకోలేదు.

"నా బండికొద్దండి."

"అందంగా ఉంటుందయ్యా."

"అందం నాకేటండి. పొద్దున్నే నాను సూసుకోవాల."

"ఏం చూసుకుంటావు?"

"రెండు పక్కలా ఒకేలా నల్లగుందో నేదో అనండి."

మేనేజరు, ఆ రోజు వచ్చి ఉన్న యజమాని వైపు చూశాడు. ఆయన ఊరుకోమన్నట్టు చెయ్యి ఊపారు. ఆ యార్డులో మూతలు లేకుండా తిరిగిన బండి అదొక్కటే. ఎక్కడికి వెళ్లినా మురికిబండి అని పేరు తెచ్చుకుంది. నాన్న లెక్కచేయలేదు.

నాకు వేరే ఉద్యోగం వచ్చి నేను ఆ యార్డు వదిలేశాక కూడా, ఆయన చాలాకాలం అదే బండి నడిపాడు. ప్రతి ఉదయం బయలుదేరే ముందు ఒక్కో ముందుచక్రం దగ్గరా గొంతుకూర్చుని, దాని మీద ఒక్కో బొటనవేలు రాసి, రెండూ పక్కపక్కన పెట్టి చూసుకునేవాడు. చూశాక, చేతులు కడుక్కోవడం మాని, ఖాకీ ప్యాంటుకే తుడిచేవాడు. ఎడమ తొడ మీద ఒక మరక, కుడి తొడ మీద ఒక మరక. అమ్మ నూతి దగ్గర ఆ ప్యాంటు ఉతుకుతూ, సబ్బు అంతా దీనికే అయిపోతంది, ఈ మసి ఏ జన్మకీ వొదలదని కేకలు వేసేది.

నాన్న గుమ్మంలోంచి అడిగేవాడు. "రెండు మరకలూ ఒకేలా ఉన్నాయేటి?"

"ఉన్నాయి, నీ మొకం! ఒకేలాగున్నాయి."

"అయితే సాలు. ఉతుకు," అనేవాడు.